ఇటలీ టెన్నిస్ ఎలా లేచింది, మన టెన్నిస్ ఎక్కడ ఆగిపోయింది

క్లుప్తంగా

దేశాల మగ టీమ్‌లు ఆడే డేవిస్ కప్‌ని ఇటలీ 2023, 2024, 2025లో వరసగా మూడుసార్లు గెలిచింది. ఇదంతా వరల్డ్ నంబర్ వన్ దాకా ఎదిగిన ఇటలీ ఆటగాడు సినర్ ఒక్కడి పుణ్యమే అనుకుంటే లెక్క కుదరదు. పిల్లలు ఆట నేర్చుకునే దశకీ గ్రాండ్ స్లామ్‌కీ మధ్యలో ఉండే టోర్నీల్ని ఇటలీ తన ఊళ్ళలోనే పెట్టుకుంది, కోచ్‌లని వాళ్ళ ఊళ్ళలోనే పనిచెయ్యనిచ్చింది, పెద్ద టోర్నీల్లో వచ్చిన డబ్బు కిందికి పంపింది. మన దగ్గర కింద పిల్లలున్నారు, పైన డబుల్స్ టైటిళ్ళున్నాయి, మధ్యలో ఉండాల్సింది చాలా తక్కువ. ఆ మధ్యలో ఉండాల్సింది ఏంటి, అదెలా పనిచేస్తుంది అన్నదే ఈ వ్యాసం.

కోల్‌కతాలో కనపడిన తేడా

2019 ఫిబ్రవరి మొదట్లో ఇండియా, ఇటలీ మధ్య డేవిస్ కప్ క్వాలిఫయర్ జరిగింది. వేదిక కోల్‌కతా సౌత్ క్లబ్, గడ్డి కోర్టులు. ఇటలీ వాళ్ళు మట్టి కోర్టుల మీద పెరిగినవాళ్ళు కాబట్టి గడ్డి మీద తడబడతారు అన్నది మనవాళ్ళ ఆలోచన. ఇటలీ 3-1తో గెలిచి వెళ్ళింది. సెప్పి రెండు సింగిల్స్, బెరెత్తీని ఒక సింగిల్స్ గెలిచారు. మనకొచ్చిన ఆ ఒక్క పాయింటూ బోపన్న, దివిజ్ శరణ్ డబుల్స్‌లో తెచ్చిందే.

ఆ టైంలో అదేమంత పెద్ద వార్త కాదు. ఇటలీ అంటే అప్పటికి ఒక మోస్తరు టీమే, డేవిస్ కప్ గెలిచి 43 ఏళ్ళయింది. కానీ అక్కణ్ణుంచి రెండు దేశాల దారులు ఎంత విడిపోయాయంటే, రెండేళ్ళు తిరిగేసరికి అదే బెరెత్తీని వింబుల్డన్ ఫైనల్ ఆడాడు, ఐదేళ్ళకి ఇటలీ ఆటగాడు వరల్డ్ నంబర్ వన్ అయ్యాడు, మనం మాత్రం ఇప్పటికీ టాప్ 100లో ఒక్క సింగిల్స్ ప్లేయర్ ఉంటే చాలనుకునే స్థితిలోనే ఉన్నాం.

దీనికి జనం చెప్పే కారణాలు రెండు. ఇటలీ డబ్బున్న దేశం అని ఒకటి, మనకి క్రికెట్ పిచ్చి అని ఇంకోటి. రెండిట్లోనూ కొంత నిజం ఉంది గానీ రెండూ సరిపోవు. ఇటలీకి 1976 నుంచి 2023 దాకా కూడా డబ్బుంది, డేవిస్ కప్ రాలేదు. క్రికెట్ పిచ్చి మనకెంతుందో ఫుట్‌బాల్ పిచ్చి వాళ్ళకంత ఉంది. ఇప్పటి ఇటలీ ఆటగాడు కొబొల్లి అయితే చిన్నప్పుడు రోమా క్లబ్ కుర్రాళ్ళ టీమ్‌లో ఫుట్‌బాల్ ఆడి, తర్వాతే టెన్నిస్ ఎంచుకున్నాడు.

ఇటలీ అంతకుముందు ఎలా ఉండేది

పాత రోజుల్లో ఇటలీకి పియెట్రాంజెలి ఉండేవాడు, 1959, 1960లో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచాడు. 1976లో పనత్తా అదే టైటిల్ కొట్టాడు, అదే ఏడాది డేవిస్ కప్ కూడా వచ్చింది. ఆ తర్వాత మగవాళ్ళలో మళ్ళీ గ్రాండ్ స్లామ్ సింగిల్స్ చూడ్డానికి 2024 ఆస్ట్రేలియన్ ఓపెన్ దాకా ఆగాల్సొచ్చింది, అంటే 48 ఏళ్ళు. 2000లో డేవిస్ కప్ పై స్థాయి అయిన వరల్డ్ గ్రూప్ నుంచి కింద పడ్డారు, మళ్ళీ పైకి రావడానికి 2011 పట్టింది.

మధ్యలో ఆడవాళ్ళు మాత్రం అదరగొట్టారు. 2006, 2009, 2010, 2013లో ఫెడ్ కప్ (ఆడవాళ్ళ డేవిస్ కప్ లాంటిది). 2010లో స్కియవోనె ఫ్రెంచ్ ఓపెన్. 2015 యూఎస్ ఓపెన్ ఫైనల్లో అయితే రెండువైపులా ఇటలీ అమ్మాయిలే, పెన్నెత్త, విన్చి. పెన్నెత్త గెలిచి, అక్కడికక్కడే రిటైర్ అవుతున్నానని చెప్పేసింది. ఆ తరం అలా వెళ్ళిపోయాక ఏమైందంటే, వెనక ఆ స్థాయివాళ్ళు ఎవరూ లేరు. పావొలీని 2024లో ఫ్రెంచ్ ఓపెన్, వింబుల్డన్ రెండిట్లోనూ ఫైనల్ చేరేదాకా ఆ ఖాళీ అలాగే ఉంది.

ఇక్కడ గమనించాల్సిందేంటంటే, ఒక ఛాంపియన్ వస్తే ఆమెని చూసి పిల్లలు రాకెట్ పట్టుకుంటారు, అది నిజమే, కానీ రాకెట్ పట్టుకున్న పిల్లలు తమంతట తాము తర్వాతి ఛాంపియన్లు అయిపోరు. ఇది ఇటలీ ఆడవాళ్ళ విషయంలో జరిగింది, మన సానియా తర్వాతా జరిగింది. ఆ సంగతి కింద వస్తుంది.

సినర్ 2019: ఒక్క ఏడాదిని దగ్గర్నుంచి చూస్తే

సినర్‌ది ఇటలీ ఉత్తరాన కొండల్లో, ఆస్ట్రియా సరిహద్దు దగ్గర సెస్టో అనే చిన్న ఊరు. ఇంట్లో మాట్లాడేది జర్మన్. నాన్న వంటవాడు, అమ్మ వడ్డన పని, ఇద్దరూ స్కీయింగ్ కోసం వచ్చేవాళ్ళ వసతి గృహంలో పనిచేసేవాళ్ళు. పిల్లాడు స్కీయింగ్‌లో జాతీయ స్థాయి జూనియర్ ఛాంపియన్. 13 ఏళ్ళప్పుడు అది వదిలేసి దేశం ఇంకో మూలన ఉన్న బోర్డిగెరాలో పియాట్టి అనే కోచ్ అకాడమీకి వెళ్ళాడు.

2019 మొదట్లో అతని ర్యాంకు 550 దగ్గర. ఆ ర్యాంకుతో ఛాలెంజర్ అనే మధ్య స్థాయి టోర్నీలో మామూలుగా చోటు దొరకదు. ఫిబ్రవరిలో బెర్గమో ఛాలెంజర్‌కి వైల్డ్ కార్డ్, అంటే ర్యాంకు చాలకపోయినా ఆడనిచ్చే చోటు, ఇచ్చారు. 17 ఏళ్ళ కుర్రాడు టైటిల్ కొట్టేశాడు. తర్వాత ట్రెంటోలో అంతకంటే కింది మెట్టు అయిన ఐటీఎఫ్ టోర్నీ, అదీ గెలిచాడు. మే నెలలో పెద్ద టోర్నీ అయిన రోమ్ మాస్టర్స్. దానికి ఇటలీలో ఒక పద్ధతి ఉంది, ప్రీ-క్వాలిఫయింగ్ అంటారు. దేశమంతా క్లబ్ స్థాయి నుంచి మొదలుపెట్టి పోటీలు పెట్టుకుంటూ వచ్చి, ఆఖర్లో మిగిలినవాళ్ళకి రోమ్‌లో వైల్డ్ కార్డులిస్తారు. ఎవరికో తెలిసినవాళ్ళ ద్వారా రాదు, ఆడి తెచ్చుకోవాలి. సినర్ అలా తెచ్చుకున్నాడు, మెయిన్ డ్రాలో, అంటే అసలు టోర్నీలో, మొదటి రౌండ్లో స్టీవ్ జాన్సన్ మీద మ్యాచ్ పాయింట్ కాచుకుని మరీ గెలిచాడు. ఆగస్టులో అమెరికాలో లెక్సింగ్టన్ ఛాలెంజర్. నవంబర్‌లో మిలాన్‌లో కుర్రాళ్ళకి పెట్టే నెక్స్ట్ జెన్ ఫైనల్స్, అక్కడ కూడా ఇటలీ కుర్రాళ్ళకి కేటాయించిన వైల్డ్ కార్డ్ మీదే వెళ్ళి టైటిల్ గెలిచాడు. దాని వెంటనే ఓర్టిసేయి ఛాలెంజర్, అది తన సొంత ప్రాంతమే. ఏడాది చివరికి ర్యాంకు 78.

ఈ వరసలో లెక్సింగ్టన్ తప్ప మిగతావన్నీ ఇటలీలోనే జరిగాయి. 550 నుంచి 78కి వచ్చిన ప్రయాణంలో ముఖ్యమైన మెట్లు చాలావరకు రైల్లోనో కార్లోనో వెళ్ళగలిగే దూరంలో ఉన్నాయి. ప్రతిభ అతనిదే, అందులో అనుమానం లేదు. కానీ అంత ప్రతిభ ఉన్నవాడికి కూడా మొదటి తలుపు ఎవరో ఒకరు తియ్యాలి, బెర్గమోలో ఆ వైల్డ్ కార్డ్ లేకపోతే ఆ ఏడాది అంత వేగంగా సాగేది కాదు.

పాయింట్ల లెక్క తెలిస్తే సగం అర్థమవుతుంది

ప్రొఫెషనల్ టెన్నిస్‌లో మగవాళ్ళకి అట్టడుగు మెట్టు ఐటీఎఫ్ ఎం15 టోర్నీ. మొత్తం ప్రైజ్ మనీ 15,000 డాలర్లు. సింగిల్స్ గెలిస్తే 15 పాయింట్లు, 2,160 డాలర్లు, అంటే రెండు లక్షల రూపాయలకి కొంచెం అటూ ఇటూ. మొదటి రౌండ్లో ఓడితే 156 డాలర్లు, పాయింట్లు సున్నా. దానికి ముందు జరిగే అర్హత పోటీల్లోనే (క్వాలిఫయింగ్) ఓడితే అసలేమీ రాదు.

ర్యాంకింగ్‌కి ఏడాదిలో ఒక ఆటగాడి మంచి ఫలితాలు 19 దాకా లెక్కేస్తూ వచ్చారు. ఇప్పుడో కుర్రాడు 19 ఎం15 టోర్నీలు ఆడి, పందొమ్మిదీ గెలిచాడనుకోండి, ఎవరివల్లా అయ్యే పని కాదు గానీ అనుకోండి. 19 ఇంటూ 15, మొత్తం 285 పాయింట్లు. టాప్ 100లోకి రావాలంటే ఆరు వందల పైచిలుకు కావాలి. అంటే కింది మెట్టు మీద ఎంత బాగా ఆడినా, ఎన్నేళ్ళు ఆడినా పైకి చేరడం లెక్క ప్రకారమే కుదరదు. మధ్య మెట్టు ఎక్కాల్సిందే, ఆ మధ్య మెట్టు పేరే ఛాలెంజర్. అందులో 50 నుంచి 175 దాకా స్థాయిలుంటాయి, ఛాలెంజర్ 100 గెలిస్తే 100 పాయింట్లు, 125 గెలిస్తే 125. రెండు మూడు మంచి వారాలు పడితే ర్యాంకు మొత్తం మారిపోతుంది.

టాప్ 100 అన్నది పేరు కోసం కాదు. గ్రాండ్ స్లామ్ సింగిల్స్ మెయిన్ డ్రాలోకి నేరుగా వెళ్ళే చోట్లు నూటనాలుగు వరకే ఉంటాయి. 2025 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మొదటి రౌండ్లో ఓడిపోయినా 1,32,000 ఆస్ట్రేలియన్ డాలర్లు ఇచ్చారు, మన డబ్బులో 70 లక్షల చుట్టుపక్కల. ఏడాదికి అలాంటివి నాలుగు. ఆ గీత లోపల ఉన్నవాడు కోచ్‌నీ ఫిజియోనీ వెంట తీసుకెళ్ళగలడు, గీత బయట ఉన్నవాడు తన గట్టింగ్ (రాకెట్ తీగలు మార్పించుకోవడం) డబ్బులు తనే లెక్కపెట్టుకుంటాడు. 150వ ర్యాంకు వాడికీ 80వ ర్యాంకు వాడికీ ఆటలో తేడా కొంచెమే, బతుకులో తేడా చాలా.

ఇప్పుడు ఇటలీ సంగతి చూస్తే, ప్రపంచంలో ఎక్కువ ఛాలెంజర్లు పెట్టే దేశాల్లో అది ముందు వరసలో ఉంది, ఏటా ఇరవైకి అటూ ఇటూ. బెర్గమో, జెనోవా, పెరూజా, బార్లెత్తా, కొర్దెనోన్స్, ఇలా మనం పేర్లు కూడా వినని ఊళ్ళలో. ఒక్కో టోర్నీకి మూడు వైల్డ్ కార్డులు అనుకున్నా ఏడాదికి అరవై చోట్లు సొంత దేశం కుర్రాళ్ళకి ఇచ్చుకోవచ్చు. పైగా 20 ఏళ్ళవాడు ఓడిపోయినా సాయంత్రానికి ఇంటికెళ్ళి అమ్మ చేతి వంట తిని, మర్నాడు తన కోచ్ దగ్గర ఆ తప్పు సరిచేసుకుని, వచ్చే వారం ఇంకో ఊళ్ళో ఆడతాడు. ఓటమి ఖరీదు తగ్గింది, అసలు విషయం అదే.

డబ్బు పైనుంచి కిందికి

ఇరవై ఛాలెంజర్లు పెట్టడం ఊరికే అవ్వదు. ఛాలెంజర్ పెట్టేవాళ్ళకి సాధారణంగా టికెట్ల మీద లాభం రాదు, ఎవరో ఒకరు ఆ ఖర్చు మొయ్యాలి. ఇటలీలో ఆ బరువులో మంచి వాటా ఫెడరేషన్ మోస్తుంది. 2001 నుంచి బినాగి అనే ఆయనే అధ్యక్షుడు, అంత కాలం ఒకే మనిషి కుర్చీలో ఉండటం మంచిదా కాదా అన్న చర్చ వేరే, కానీ పాలసీ మాత్రం మధ్యలో తెగకుండా నడిచింది.

డబ్బు ప్రధానంగా పెద్ద టోర్నీల నుంచి వస్తుంది. రోమ్ మాస్టర్స్ ఎప్పట్నుంచో ఉంది, దాన్ని పెద్దది చేసుకుంటూ వచ్చారు. 2017 నుంచి 2022 దాకా నెక్స్ట్ జెన్ ఫైనల్స్ మిలాన్‌లో పెట్టుకున్నారు. 2021 నుంచి మగవాళ్ళ ప్రొఫెషనల్ టూర్ అయిన ఏటీపీ ఏడాది చివర పెట్టే ఏటీపీ ఫైనల్స్ టురిన్‌కి తెచ్చుకున్నారు, 2030 దాకా ఇటలీలోనే ఉండేట్టు ఒప్పందం చేసుకున్నారు. సినర్ 2024, 2025లో ఆ టైటిల్ సొంత జనం ముందే గెలిచాడు. హాల్ నిండుతుంది, స్పాన్సర్లు వస్తారు, ఆ మిగులు మళ్ళీ చిన్న ఊళ్ళ టోర్నీలకీ కుర్రాళ్ళ ప్రయాణ ఖర్చులకీ వెళ్తుంది.

ఇంకోటి టీవీ. 2008లో ఫెడరేషన్ సొంతంగా సూపర్‌టెన్నిస్ అనే చానెల్ పెట్టింది, చూడ్డానికి డబ్బు కట్టక్కర్లేదు. అప్పటికి ఇటలీ మగవాళ్ళలో చెప్పుకోదగ్గ స్టార్ లేడు, అయినా పెట్టారు. స్టార్ వచ్చాక చానెల్ పెట్టలేదు, చానెల్ ఉన్నాక స్టార్లు వచ్చారు. సినర్ తరం పిల్లలంతా ఇంట్లో టీవీలో టెన్నిస్ నడుస్తుండగా పెరిగినవాళ్ళే.

రాకెట్‌తోనే ఆడే పాడెల్ అనే ఆటని కూడా ఫెడరేషన్ తన కిందికి తెచ్చుకుంది, 2023లో పేరు కూడా టెన్నిస్ అండ్ పాడెల్ ఫెడరేషన్ అని మార్చుకుంది. 2001లో సుమారు లక్షా ముప్పై వేలున్న సభ్యత్వం ఇప్పుడు పది లక్షలు దాటింది, అందులో పాడెల్ ఆడేవాళ్ళ వాటా కూడా ఉంది కాబట్టి మొత్తం టెన్నిస్ పెరుగుదలే అనుకోకూడదు. అయితే క్లబ్బుకి ఆదాయం మాత్రం పెరిగింది, క్లబ్బు బతికితే అందులో టెన్నిస్ కోర్టూ బతుకుతుంది.

కోచ్‌ని ఊరు వదిలించకుండా

ఒకప్పుడు ఇటలీ ఫెడరేషన్ కూడా అందరూ చేసిందే చేసింది. బాగా ఆడే పిల్లల్ని పోగేసి పీసా దగ్గర తిరెన్నియాలో నేషనల్ సెంటర్‌కి తీసుకెళ్ళేది. పిల్లాడు ఇల్లు, బడి, చిన్నప్పట్నుంచి తెలిసిన కోచ్, అన్నీ వదిలి రావాలి. క్రమంగా ఆ పద్ధతి తిరగేశారు. పిల్లాడు తన కోచ్ దగ్గరే ఉంటాడు, ఫెడరేషనే అతని దగ్గరికి వెళ్తుంది. డబ్బు సాయం, ఫిట్‌నెస్ వాళ్ళు, డేటా చూసేవాళ్ళు, అప్పుడప్పుడు క్యాంపులు.

ఫలితం పేర్లలోనే కనపడుతుంది. ముసెత్తి చిన్నప్పట్నుంచీ తర్తరీని అనే ఒకే కోచ్ దగ్గర పెరిగాడు, 2024 ఒలింపిక్స్‌లో సింగిల్స్ కాంస్యం తెచ్చాడు. సొనెగో టురిన్‌లో అర్బీనో అనే కోచ్ దగ్గర పెరిగాడు. బెరెత్తీని రోమ్‌లో సంతొపద్రె దగ్గర ఎదిగాడు. కొబొల్లికి సొంత నాన్నే కోచ్. సినర్ ప్రైవేట్ అకాడమీ నుంచి వచ్చాడు. ఐదుగురు, ఐదు చోట్లు, ఐదు రకాల ఆట. ఒకే ఫ్యాక్టరీలో పోత పోసినట్టు ఎవరూ లేరు.

2025 నవంబర్‌లో బొలోన్యాలో డేవిస్ కప్ ఫైనల్స్‌కి సినర్ రాలేదు, ముసెత్తీ ఆడలేదు. అయినా కొబొల్లి సెమీఫైనల్లో బెల్జియం ఆటగాడి మీద 17-15 టైబ్రేక్‌తో, ఎన్నో మ్యాచ్ పాయింట్లు కాచుకుని గెలిచాడు. ఫైనల్లో స్పెయిన్ మీద బెరెత్తీని, కొబొల్లి చెరో సింగిల్స్ గెలిచి కప్ తీసుకున్నారు. బెస్ట్ ఇద్దరూ లేకుండా కప్ గెలిచే దేశం ఒక్క మనిషి మీద ఆధారపడింది అనలేం.

మరి అదృష్టం లేదా అంటే, ఉంది. సినర్ లాంటివాడు పుట్టడం ఏ ఫెడరేషన్ చేతుల్లోనూ ఉండదు. సెర్బియాకి జొకోవిచ్ వచ్చింది సిస్టమ్ వల్ల కాదు, యుద్ధం మధ్యలో ఇంట్లోవాళ్ళు అప్పులు చేసి పెంచుకున్నారు. ఫెదరర్, వావ్రింకా తర్వాత స్విట్జర్లాండ్‌లో వాళ్ళ దరిదాపుల్లోకి వచ్చే మగ ఆటగాడు లేడు. బ్రిటన్‌కి ఏటా వింబుల్డన్ మిగులు డబ్బు వస్తుంది, అయినా మర్రే 2013లో గెలిచేదాకా మగవాళ్ళ వింబుల్డన్ కోసం 77 ఏళ్ళు ఎదురుచూశారు. డబ్బొక్కటే చాలదు, ఒక మేధావి ఆటగాడొక్కడే చాలడు. టాప్ 100లో ఒకేసారి తొమ్మిది మంది దాకా ఉండటం మాత్రం అదృష్టంతో జరగదు, అది మధ్య మెట్టు పని.

మన దగ్గర జరిగింది

మన చరిత్ర తక్కువదేమీ కాదు. రామనాథన్ కృష్ణన్ 1960, 1961లో వింబుల్డన్ సెమీస్ ఆడాడు. డేవిస్ కప్ ఫైనల్‌కి 1966, 1974, 1987లో చేరాం, 1974లో దక్షిణాఫ్రికా వర్ణవివక్షకి నిరసనగా ఆడకుండా వదిలేశాం. పేస్ 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో సింగిల్స్ కాంస్యం తెచ్చాడు. తర్వాత పేస్‌కి 18 గ్రాండ్ స్లామ్ టైటిళ్ళు, భూపతికి 12, సానియాకి 6, బోపన్నకి 2. ఇవన్నీ డబుల్స్, మిక్స్‌డ్‌లోనే.

ఎందుకు డబుల్స్ అంటే, డబుల్స్‌లో సగం కోర్టే కాయాలి, చేతి నైపుణ్యం, నెట్ దగ్గర తెలివి ఎక్కువ పనిచేస్తాయి, వయసు మీద పడినా ఆడొచ్చు. బోపన్న 43 ఏళ్ళకి వరల్డ్ నంబర్ వన్ అయ్యాడు. సింగిల్స్‌లో 200 దగ్గర ఆగిపోయి డబ్బులు అయిపోతున్నవాడికి డబుల్స్ ఒక బతుకుదారి. అంటే డబుల్స్‌లో మన విజయం నిజమైనదే, కాకపోతే సింగిల్స్‌లో మధ్య మెట్టు లేకపోవడం కూడా మంచి ఆటగాళ్ళని అటు నెట్టింది.

కింది మెట్టు మన దగ్గర ఖాళీగా లేదు. ఆలిండియా టెన్నిస్ అసోసియేషన్ కింద అండర్ 12, 14, 16, 18లో టాలెంట్ సిరీస్, చాంపియన్‌షిప్ సిరీస్, సూపర్ సిరీస్, నేషనల్ సిరీస్ అని ఏడాది పొడుగునా టోర్నీలు నడుస్తాయి. ఏ సిటీలో చూసినా పొద్దున్న ఐదున్నరకి పిల్లల్ని దింపి, కార్లోనే కూర్చుని టిఫిన్ బాక్స్ పట్టుకుని ఎదురుచూసే అమ్మానాన్నలు కనపడతారు. ఇబ్బంది పదిహేను పదహారేళ్ళకి మొదలవుతుంది. తెలుగు రాష్ట్రాల్లో అయితే సరిగ్గా అదే టైంకి టెన్త్, దాని వెనకే ఇంటర్, ఎంసెట్ కోచింగ్. రోజుకి నాలుగు గంటలు కోర్టులో ఉండాల్సిన పిల్లాడు పన్నెండు గంటలు క్లాసులో ఉంటాడు. ఇంట్లోవాళ్ళని తప్పుపట్టడానికి లేదు, టెన్నిస్ వైపు తర్వాతి మెట్టు కళ్ళకి కనపడనప్పుడు ఏ తల్లిదండ్రులైనా కనపడే మెట్టే ఎంచుకుంటారు.

అది దాటినవాళ్ళకి రెండు దారులు. ఒకటి అమెరికా కాలేజీ స్కాలర్‌షిప్. సోమ్‌దేవ్ వర్జీనియా యూనివర్సిటీకి ఆడి 2007, 2008లో అక్కడి కాలేజీ ఛాంపియన్ అయ్యాడు. మన సాకేత్ మైనేని అలబామాలో చదివి వచ్చి 2016 యూఎస్ ఓపెన్‌లో క్వాలిఫై అయి మెయిన్ డ్రా ఆడాడు. హైదరాబాద్ అమ్మాయి సహజ యమలపల్లిదీ అమెరికా కాలేజీ దారే. రెండోది ఐటీఎఫ్ టోర్నీల కోసం ట్యునీషియాలో మొనాస్టిర్, టర్కీలో అంటాల్యా, ఈజిప్ట్‌లో షర్మ్ ఎల్ షేక్ వెళ్ళడం. అక్కడ వారం వారం టోర్నీలుంటాయి కాబట్టి ఒక నెల ఉండి నాలుగైదు ఆడి రావచ్చు. వీసా, ఫ్లైట్, హోటల్, గట్టింగ్, అన్నీ సొంతమే. కోచ్‌ని తీసుకెళ్తే ఖర్చు డబుల్. మొదటి రౌండ్లో ఓడితే వచ్చేది ఆ 156 డాలర్లే.

సుమిత్ నాగల్ దేశంలో నంబర్ వన్ సింగిల్స్ ఆటగాడై ఉండి కూడా 2023లో తన బ్యాంకులో 900 యూరోలే మిగిలాయని చెప్పాడు. ఆ వార్త చూసి సాయం వచ్చింది. 2024 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో బుబ్లిక్ అనే సీడెడ్ (టోర్నీలో పై ర్యాంకుల్లో ఉన్న) ఆటగాణ్ణి ఓడించాడు, గ్రాండ్ స్లామ్ సింగిల్స్‌లో మన మగ ఆటగాడు సీడ్‌ని ఓడించడం 1989లో రమేష్ కృష్ణన్ తర్వాత అదే మొదలు. తర్వాతి నెల చెన్నై ఛాలెంజర్ గెలిచి టాప్ 100లోకి వచ్చాడు. గమనించండి, అది కూడా సొంత దేశంలో జరిగిన ఛాలెంజరే. ఆ ఫైనల్లో అతని చేతిలో ఓడింది లూకా నార్ది అనే ఇటలీ కుర్రాడు. నెల తిరిగేసరికి ఆ నార్ది అమెరికాలోని ఇండియన్ వెల్స్ టోర్నీలో జొకోవిచ్‌ని ఓడించాడు. నాగల్ అదే ఏడాది 68 దాకా ఎక్కాడు, 2025లో టాప్ 100 బయటికి జారిపోయాడు. జారినప్పుడు పట్టుకోవడానికి నార్దికి ఇంటి దగ్గరే బోలెడు ఛాలెంజర్లున్నాయి, నాగల్‌కి దాదాపు ప్రతి వారమూ పరాయి ఊరే.

హైదరాబాద్‌లో మూడేళ్ళు ఉన్న మెట్టు

సానియా కథ అందరికీ తెలుసు, కానీ అందులో ఒక భాగం జనం అంతగా పట్టించుకోలేదు. 2003 నుంచి 2005 దాకా హైదరాబాద్‌లో డబ్ల్యూటీఏ (ఆడవాళ్ళ ప్రొఫెషనల్ టూర్) టోర్నీ జరిగేది. 2003లో 16 ఏళ్ళ సానియాకి అక్కడ వైల్డ్ కార్డ్ ఇచ్చారు, మొదటి రౌండ్లోనే ఓడింది. 2004లో అదే టోర్నీలో డబుల్స్ గెలిచింది. 2005లో అదే టోర్నీలో సింగిల్స్ గెలిచి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ కొట్టిన మొదటి భారతీయురాలు అయ్యింది. అదే ఏడాది యూఎస్ ఓపెన్ నాలుగో రౌండ్, 2007లో ర్యాంకు 27.

సినర్‌కి బెర్గమో, రోమ్ ఎలా పనిచేశాయో సానియాకి హైదరాబాద్ అలాగే పనిచేసింది. సొంత ఊరు, వైల్డ్ కార్డ్, మొదటి ఓటమి, మూడో ఏడాదికి టైటిల్. అంటే ఈ పద్ధతి మన నేల మీద పనిచెయ్యదు అనడానికి లేదు, పనిచేసి చూపించింది. 2006లో ఆ టోర్నీ బెంగళూరు వెళ్ళింది, 2008 తర్వాత అక్కణ్ణుంచీ పోయింది. సానియాని చూసి హైదరాబాద్‌లో వేల మంది ఆడపిల్లలు రాకెట్ పట్టారు. వాళ్ళకి పదహారేళ్ళు వచ్చేసరికి వైల్డ్ కార్డ్ ఇవ్వడానికి ఊళ్ళో టోర్నీయే లేదు. సానియా కాకుండా సింగిల్స్ టాప్ 100లోకి వెళ్ళిన భారత అమ్మాయి ఇప్పటికీ లేదు.

మగవాళ్ళదీ అదే వరస. 1997 నుంచి 2017 దాకా చెన్నైలో ఏటీపీ టోర్నీ జరిగింది, 2018లో పుణే వెళ్ళింది, 2023తో ఆగిపోయి హాంకాంగ్ వెళ్ళిపోయింది. దక్షిణాసియా మొత్తానికి ఉన్న ఒక్క ఏటీపీ టోర్నీ అదే.

బ్యాడ్మింటన్ పద్ధతి ఇక్కడ ఎందుకు కుదరదు

తెలుగువాళ్ళ దగ్గర ఈ టాపిక్ వస్తే వెంటనే వచ్చే మాట, గోపీచంద్ అకాడమీ లాంటిది టెన్నిస్‌కీ పెడితే సరిపోతుంది కదా అని. సైనా, సింధు, శ్రీకాంత్ అంతా అక్కణ్ణుంచి వచ్చినవాళ్ళే కాబట్టి ఆ ఆలోచన సహజం. కానీ రెండు ఆటల నడక వేరు. బ్యాడ్మింటన్‌లో ఆటగాళ్ళు ఏడాదిలో ఎక్కువ భాగం ఒకేచోట కలిసి ప్రాక్టీస్ చేసి, పెద్ద టోర్నీలకి టీమ్‌గా వెళ్ళొస్తారు, కోచ్ ఒకేసారి నలుగురిని చూసుకోగలడు. టెన్నిస్‌లో ఏడాదికి ముప్పై వారాలు రోడ్డు మీదే, ర్యాంకుని బట్టి ఒకడు మొనాస్టిర్‌లో, ఇంకొకడు మెక్సికోలో. అకాడమీ ఎంత బాగున్నా పాయింట్లు అకాడమీలో దొరకవు, టోర్నీలో దొరుకుతాయి. హాస్టలూ కోర్టులూ కట్టి ఆగిపోతే ఇటలీ తిరెన్నియా దగ్గర ఆగిపోయినట్టే అవుతుంది.

ముందున్నది

మార్పు అసలు లేదని కాదు. 2025 సెప్టెంబర్‌లో మన డేవిస్ కప్ టీమ్ స్విట్జర్లాండ్ వెళ్ళి 3-1తో గెలిచి వచ్చింది, యూరప్ గడ్డ మీద ఒక యూరప్ దేశాన్ని ఓడించడం 32 ఏళ్ళ తర్వాత అదే మొదలు. అందులో మెరిసిన దక్షిణేశ్వర్ సురేష్‌ది కూడా అమెరికా కాలేజీ దారే. అదే ఏడాది ఏప్రిల్‌లో పుణేలో బిల్లీ జీన్ కింగ్ కప్‌లో (పాత ఫెడ్ కప్ కొత్త పేరు) హైదరాబాద్ అమ్మాయి శ్రీవల్లి రష్మిక భమిడిపాటి బాగా ఆడి మన టీమ్‌ని ప్లేఆఫ్స్‌కి తీసుకెళ్ళింది. చెన్నైలో డబ్ల్యూటీఏ టోర్నీ 2022 తర్వాత మళ్ళీ 2025లో జరిగింది. ముంబైలో దానికంటే ఒక మెట్టు కిందిదైన డబ్ల్యూటీఏ 125 టోర్నీ ఉంది, 2025లో అక్కడే వైల్డ్ కార్డ్ దొరికిన 15 ఏళ్ళ కోయంబత్తూరు అమ్మాయి మాయా రాజేశ్వరన్ సెమీస్ దాకా వెళ్ళింది. వైల్డ్ కార్డ్ ఏం చెయ్యగలదో మళ్ళీ ఒకసారి కనపడింది.

చెన్నై, పుణేల్లో జరిగిన లాంటి ఒక ఏటీపీ 250 టోర్నీ తిరిగి తేవడం కంటే ఐదారు ఛాలెంజర్లు అదనంగా పెట్టడం సింగిల్స్‌కి ఎక్కువ ఉపయోగం, లెక్క అలాగే చెప్తోంది, 250లో మనవాళ్ళకి మూడు వైల్డ్ కార్డులు దొరికి మొదటి రౌండ్లలో ఓడిపోవడమే ఎక్కువగా ఇరవై ఏళ్ళు చూశాం. కొత్తగా స్టేడియాలు కట్టక్కర్లేదు. హైదరాబాద్‌లో 2003 ఆఫ్రో-ఏషియన్ గేమ్స్‌కి టెన్నిస్ జరిగింది, కోర్టులున్నాయి, చూసే జనం ఉన్నారు. వైజాగ్, విజయవాడల్లోనూ ఆట ఉంది. కావాల్సింది రాష్ట్ర ప్రభుత్వమో ఒక కంపెనీయో ఒక్క ఏడాదికి కాకుండా ఐదేళ్ళకి కట్టుబడటం, ఎందుకంటే సానియాకి కూడా మూడో ఏడాదికి గానీ టైటిల్ రాలేదు.

2024లో, 2025లో ఫిబ్రవరి చుట్టుపక్కల చెన్నై, ఢిల్లీ, పుణే, బెంగళూరులో నాలుగు ఛాలెంజర్లు వరసగా జరిగాయి. హైదరాబాద్ ఆ లిస్టులో లేదు. ఆ నాలుగు వారాలూ మన కుర్రాళ్ళు మన తిండి తిని, మన జనం ముందు, తమ కోచ్‌ని గ్యాలరీలో కూర్చోబెట్టుకుని ఆడారు. నాలుగో ఆదివారం ఫైనల్ అయ్యాక సోమవారం పొద్దున్న రాకెట్ బ్యాగులు ఎయిర్‌పోర్ట్ ట్రాలీల మీదికెక్కుతాయి.